పొయ్యి కింద ఇంకో పొయ్యి

పోయిన ఏడాది ఊళ్లో పాతింటి వంటిల్లు బాగు చేయిద్దామని అనుకున్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఇల్లు కోయంబత్తూరు పక్కన ఒక పల్లెలో ఉంది. విజయనగర కాలంలో కొందరు, మదురై నాయకుల కాలంలో కొందరు, మనవాళ్లు దిగువకి వచ్చి ఈ నల్లరేగడి నేలల్లో నిలిచిపోయారు. అప్పట్నించీ ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. వంటింట్లో మాత్రం రెండూ కలిసిపోయినాయి. సన్నికల్లుని అమ్మికల్లు అంటాం, రుబ్బురోలుని ఆట్టుకల్లు అంటాం. పొయ్యిని మాత్రం పొయ్యి అనే అంటాం.

గొడవంతా ఆ పొయ్యి గురించే. బెంగళూరులో, చెన్నైలో కాపురాలు పెట్టుకుని ఏడాదికి రెండుమూడు సార్లు వచ్చిపోయే మేమందరం ఒక మాట మీద నిలబడ్డాం. తాత కట్టించిన పొయ్యి, అట్లానే ఉండనీ, చుట్టూ కొత్తగా చేసుకుందాం అన్నాం. ఆ పొయ్యి ముందర పద్నాలుగేళ్లు కూచుని, గ్యాసు వచ్చినాక దాని పక్కనే ముప్పై అయిదేళ్లు నిలబడి వండిన మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మీకు చూసేదానికి కావాల. నాకు వండేదానికి కావాల. పగలగొట్టండిరా" అంది.

ఇల్లు తొట్టికట్టు ఇల్లు. నడిమధ్యన ఆకాశం కనపడే తొట్టి, నాలుగు పక్కలా దాంట్లోకి వాలే పెంకుల కప్పు, ఆగ్నేయం మూలన వంటిల్లు. వండే మనిషి తూర్పు ముఖంగా కూచునేటట్టు పొయ్యి. ఎదురుగా కట్టె కమ్ముల చిన్న కిటికీ. పైన పెంకుల మధ్య రెండు గాజు పెంకులు, వాటిలోంచి పడే వెలుతురే వెలుతురు. ఫొటో తీస్తే చాలా బాగుంటుంది. మేం ముచ్చటపడింది ఆ ఫొటోకేనేమో.

మేస్త్రి పని మొదలుపెట్టే ముందు కప్పు వైపు చూసి ఒక సంగతి చెప్పినాడు. మొదట ఈ ఇంటికి నాటు పెంకులు ఉండేవంట. అవి అరగొట్టంలా చిన్నచిన్నగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చడమే. కోతులు దూకినా, గాలి కొట్టినా జరుగుతాయి, వాన కారుతుంది. కానీ ఆ సందుల్లోంచే పొగ కూడా పోతుంది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినాక, ఒకదాంట్లో ఒకటి ఇమిడే పెంకులు దక్షిణాదంతా పాకినాయి. మా ఇంటికీ అవే వచ్చినాయి. కారడం ఆగింది. పొగ లోపలే నిలిచింది. ఇంటికి మంచి జరిగింది, వంటింటికి కాదు.

చివరికి పొయ్యి పగలగొట్టాం. పైన సిమెంటు పూత, దాని కింద ఇటుక. ఇటుక తీస్తే మేం ఎవరం అనుకోనిది బయటపడింది. పొయ్యి లోపల ఒక మట్టి సొరంగం. మంట పెట్టే నోటి దగ్గర మొదలై, రెండో గిన్నె కింద నుంచి, మూడో గిన్నె కింద నుంచి గోడలోకి పోయింది. గోడలో జానెడు వెడల్పు బొక్క, బయటినుంచి ఇటుకతో మూసేసినారు. అంటే మేం తాతల నాటి సంప్రదాయం అని కాపాడబోయింది ఆ రోజుల్లో కొత్తరకం పొగలేని పొయ్యి!

దాని వెనక పెద్ద కథే ఉంది. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘం వాళ్లు మగన్ చుల్హా అని ఒకటి తయారుచేసినారు. హైదరాబాదులో ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు ఇంకొకటి రూపొందించి, లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిల్లు కావాలని ఇంగ్లీషులో పుస్తకమే రాసినారు. అది 1953లో మద్రాసులో అచ్చయింది. ఒకే మంట వేడి వరసగా గిన్నెలకు తగిలి, మిగిలిన పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోవాలన్నది లెక్క. కట్టెలూ తక్కువ కాలుతాయి. మా తాత కట్టించింది ఆ వరసలోదే. ఆయన పొయ్యిని కాపాడలేదు, మార్చినాడు.

మరి గొట్టం ఎందుకు మూసేసినట్టు? పెద్దమ్మని అడిగితే నవ్వింది. "మసి పట్టేది. నెలకొకసారన్నా దులపాల. దానికి మగోళ్లు కప్పెక్కాల. ఎవురెక్కినారు? నేను కాపురానికొచ్చిన రెండేళ్లకే పొగ ఎనక్కి తన్నేది. మీ తాత మూయించేసినాడు." ఈ సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేమంటే, "మీరు అడగలా" అంది.

1983లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం పెట్టినప్పుడూ చాలా ఊళ్లలో ఇదే కథ. కట్టించడం ఒక రోజు పని. తుడవడం, పగిలితే అతకడం రోజూ ఉండే పని. మా అవ్వకి చివర్లో కంటికి పొర కమ్మింది, దగ్గు పోలేదు. వయసు అనుకున్నాం. కట్టెల పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ ఏం చేస్తుందో డాక్టర్లు ఇప్పుడు గట్టిగా చెప్తున్నారు.

ఇటుక పొయ్యి కింద ఇంకో అడుగు తవ్వితే బూడిద, ఎర్రగా కాలిన మట్టి. అది అంతకు ముందటి పొయ్యి. దాని గురించి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

కరెంటు సంగతీ ఇంతే. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలై కోయంబత్తూరు మిల్లులు నడిచినాయి. మా ఊరికి చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చినాక కూడా మొదటి బల్బు వసారాలో, చివరిది వంటింట్లో. 1955లో కోయంబత్తూరులోనే వెట్ గ్రైండరు పుట్టింది. మా ఇంటికి అది చేరినప్పుడు వంటింట్లో ప్లగ్గు లేదు, వసారాలో పెట్టినారు. పిండి మోసుకుని లోపలికి, గిన్నె కడగడానికి బయటికి.

గ్యాసుతో పెద్ద మార్పు వచ్చింది. సిలిండరు కన్నా స్టవ్వు ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం. దాంతో తరతరాలుగా కూచుని వండినవాళ్లు లేచి నిలబడాల్సి వచ్చింది. మేస్త్రి కడప రాయి పరిచి గట్టు కట్టినాడు. తమిళనాట సగం వంటిళ్లలో ఆ నల్లరాయే, మన కడప జిల్లా నుంచి వచ్చిందే. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది, అయినా మాకు అది చుట్టం లాంటిది. గట్టు ఎత్తు 36 అంగుళాలు, మేస్త్రి అలవాటు అది. పెద్దమ్మ 4 అడుగుల 10 అంగుళాలు. స్టవ్వు ఎత్తు ఇంకో 4 అంగుళాలు కలుపుకుంటే గిన్నెలోకి తొంగి చూడాలన్నా అందదు. అప్పటిదాకా కూచోడానికి వాడిన పీటని నేల మీద వేసి, దానిమీద నిలబడి ముప్పై అయిదేళ్లు వండింది. మాలో ప్రతి ఒక్కరం ఆ పీట చూసినాం. ఎందుకని ఒక్కరం అడగలేదు.

ఈసారి టేపు పట్టుకుని మొదట ఆమెనే కొలిచినాం. మోచేయి నేలకు 36 అంగుళాల పైన. తరిగే గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి, స్టవ్వు పెట్టే చోటు ఇంకా తక్కువ. అందుకని తరిగేది 31, స్టవ్వుది 28. కోడలు పొడగరి, కిటికీ పక్కన ఆమెకి వేరే గట్టు 35లో. పాత కడప రాళ్లే తిప్పి వేసినాం.

గోడలు సున్నపు గార. మొదట పిలిచిన కాంట్రాక్టరు సిమెంటు పూసి టైల్సు అతికిస్తానన్నాడు. సున్నపు గోడ తేమని పీల్చి వదులుతుంది, సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి పొట్టు లేస్తుంది. వెతికి వెతికి సున్నం పని తెలిసిన మేస్త్రిని తెచ్చుకున్నాం. ఖర్చు ఎక్కువైంది, అది నిజం. గాజు పెంకులు అట్లానే ఉన్నాయి. మూసిన బొక్క తెరిచి అందులోనే ఎగ్జాస్టు ఫ్యాను పెట్టినాం.

పొంగలి కోసం పెరట్లో రేకు కింద కట్టెల పొయ్యి ఒకటి వేసినాం, తాత పొయ్యి ఇటుకలతోనే. పీట కూడా అక్కడే ఉంది. సాయంత్రం పూట పెద్దమ్మ దానిమీద కూచుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తుంటుంది.