దగ్గులో పుట్టిన యంత్రం

మాది ఉప్పల్‌లో ఇల్లు, నాచారంలో వ్యాపారం. వ్యాపారమంటే అదేదో పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు! పారిశ్రామికవాడ వెనక సందులో ఒక గది, నాలుగు బకెట్లు, రెండు యంత్రాలు, ఐదుగురు మనుషులు. ఆఫీసుల్లోనూ ఇళ్ళల్లోనూ తివాచీలూ, సోఫాలూ శుభ్రం చేసి పెడతాం. లెక్కలు మావారు చూసుకుంటారు. మనుషుల్ని నేను చూసుకుంటాను. ఏది కష్టమైన పనో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మొన్న వానాకాలం ముందు పాత యంత్రం ఒకటి మొండికేసింది. మావారు రంగురంగుల కాగితాలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచారు. "ఇది చూడు, చవక. పైగా మోటారు పెద్దది" అన్నారు. నేనూ సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, మిగిలే డబ్బుతో మా ఇంట్లో సోఫాకి కొత్త గుడ్డ వేయించాలని అప్పుడే లెక్క కట్టేసుకున్నాను కూడా. ఊరందరి సోఫాలూ మెరిపించే మా ఇంట్లో సోఫా చూస్తే మీరు నవ్వుతారు!

ఆ సాయంత్రం మా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న పెద్దక్క జీతంలో అడ్వాన్సు అడగడానికి వచ్చింది. మాట మొదలుపెట్టేలోపే దగ్గు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అయిదు నిమిషాలు దగ్గింది.

"మందు వేసుకుంటున్నావా అక్కా?" అన్నాను.

"మందుతోని ఏడ పోతదమ్మా! మిషను సంచి దులిపినప్పుడల్లా దుమ్మంత ముక్కులకే వస్తది. చాటుంగ బీడీలు తాగుతున్నవా అని ఇంట్ల పిల్లలు అడుగుతున్నరు" అని నవ్వేసింది.

ఆమె నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. తివాచీలోంచి తీసిన దుమ్ము ఎక్కడికి పోతోందని ఈ ఆరేళ్ళలో నేనొక్కసారైనా అడిగానా? ఆ రాత్రి నిద్రపట్టక, అసలు ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలేమిటో చూద్దామని కూర్చున్నాను.

తివాచీ మనకు కొత్తదేం కాదు. ఏలూరు ఉన్ని తివాచీలకు పేరు. వరంగల్లు తివాచీలైతే 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళి, అక్కడి గాజుమేడలో దొరల కళ్ళు చెదరగొట్టి వచ్చాయి. ఆ వరంగల్లులోనే నేసే పత్తి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మరి వీటినెలా శుభ్రం చేసేవారు? మా చిన్నప్పుడు పెళ్ళి అయిపోగానే జంపఖానాను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని దులపడం, దండెం మీద వేసి కర్రతో బాదడం, ఎండలో పడెయ్యడం మీకూ గుర్తుండే ఉంటుంది. దుమ్ము గాలికి పోయేది. కానీ ఇప్పటి ఆఫీసు తివాచీని గోడ నుంచి గోడదాకా నేలకు అంటించేస్తారు. దాన్ని దండెం మీద వేసేదెవరు?

ఈ చిక్కు మనకంటే ముందు అమెరికా వాళ్ళకొచ్చింది. మిషిగన్‌లో మెల్విల్ బిస్సెల్ దంపతులకు పింగాణీ సామాన్ల కొట్టుండేది. పెట్టెల్లో సామాను పగలకుండా నింపిన రంపపుపొట్టు తివాచీలో ఇరుక్కుని ఒక పట్టాన వచ్చేది కాదు. ఆ బాధ పడలేక ఆయన 1876లో చక్రాల కుంచె ఉన్న ఊడ్చే పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. 1889లో ఆయన పోయాడు. భార్య అన్నా పిల్లల్ని పెంచుకుంటూనే కంపెనీ పగ్గాలు పట్టింది. పట్టి, పనివాళ్ళకు పింఛనూ, దెబ్బ తగిలితే పరిహారమూ ఏర్పాటు చేసింది. చట్టాలు అడగకముందే సుమండీ!

ఇక గాలి పీల్చే యంత్రం కథ. లండన్‌లో ఒకాయన దుమ్మును ఊదేసే యంత్రాన్ని ప్రదర్శిస్తుంటే హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు చూశాడు. ఊదితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది కదా, పీలిస్తేనో? అనుకున్నాడు. ఒక హోటల్లో కుర్చీ మీద రుమాలు పరిచి, దాని మీద నోరు పెట్టి గట్టిగా పీల్చాడు. రుమాలుకు అవతలివైపు నల్లటి మచ్చ! దగ్గు వచ్చినా ఆనందం ఆగలేదాయనకు. 1901లో పేటెంటు తీసుకున్నాడు. గుర్రాలు లాగే ఎర్రబండి వీధిలో ఆగేది, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు ఇంట్లోకి వెళ్ళేవి. దుమ్ము గొట్టంలో పోతుంటే చూడ్డానికి గొప్పింటి ఆడవాళ్ళు తేనీటి విందులు పెట్టుకున్నారట. 1902లో రాజుగారి పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలు శుభ్రం చేసింది ఈ యంత్రమే. మన వరంగల్లు తివాచీలు లండన్ వెళ్ళిన సరిగ్గా యాభై ఏళ్ళకు అదే ఊళ్ళో వాటిని శుభ్రం చేసే యంత్రం పుట్టడం చిత్రం కాదూ?

కానీ నా మనసును పట్టుకున్నది ఇవేవీ కావు. అమెరికాలోనే, ఒహాయోలోని కాంటన్ అనే ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణంలో రాత్రిళ్ళు ఊడ్చే పనివాడు. ఉబ్బసం మనిషి. ఊడ్చినప్పుడల్లా దగ్గు. ఉద్యోగం మానలేడు, దుమ్ము మానదు. 1907లో ఒక చీపురు కర్ర, ఒక ఫ్యాను మోటారు, ఒక దిండు గలీబు కలిపి తనకోసం తనే యంత్రం కట్టుకున్నాడు. మరుసటేడు పేటెంటు వచ్చింది. ఒక యంత్రం హూవర్ అనే జీన్ల వ్యాపారి ఇంటికి చేరింది. ఆయన భార్య సుసాన్ వాడి చూసి, భేష్ అని భర్తకు చెప్పింది. మోటారు కార్లొచ్చి గుర్రపు జీన్ల బేరం పడిపోతోందని దిగులుపడుతున్న హూవర్ ఆ హక్కులు కొనేశాడు. తరవాత ఆ పేరే లోకమంతా మోగింది.

చూశారా! ఊడ్చేవాడి ఊపిరి కాపాడ్డానికి పుట్టిన యంత్రమిది. అలాంటిదాన్ని నేను ఊడ్చే మనిషి ఊపిరి తప్ప మిగతావన్నీ చూసి కొనబోతున్నాను.

మర్నాడు మావారితో "పెద్దక్క రాకుండా కొనేది లేదు" అని తేల్చేశాను. ఆయన గొణిగారు గానీ, ముగ్గురం వెళ్ళాం. కొట్టు కుర్రాడు మావారికి వాట్లు చెబుతున్నాడు. పెద్దక్క అవేవీ వినలేదు. యంత్రాన్ని రెండు చేతులా ఎత్తి చూసింది. "నీళ్ళు పోస్తే ఎంత బరువైతది?" అంది. ఇరవై లీటర్ల తొట్టి అంటే ఇరవై కిలోలు అదనమని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు! లిఫ్టు లేని మేడలకు దాన్ని మోసేది మేం కాదు కదా. తరవాత అడిగింది, "సంచి ఎట్ల తీస్తరు?" కుర్రాడు తెల్లబోయాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగరట.

చివరికి తేలిందేమిటంటే, చవక యంత్రం సంచిని విప్పి దులపాలి. రెండోదాంట్లో సంచి మూత పడిపోయి, మూట కట్టినట్టే బయటికొస్తుంది. పైగా హెపా వడపోత ఉంది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కూడా నూటికి 99.97 ఆపేస్తుందట. ఇది 1940ల్లో అణుబాంబు తయారీలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి పుట్టిన విద్య! నీళ్ళు చిమ్మి వెంటనే పీల్చేసే యంత్రం మాత్రం చిన్న తొట్టిది తీసుకున్నాం. వానాకాలంలో తడి మిగిలితే తివాచీ కంపు కొడుతుంది కాబట్టి పీల్చే బలం మాత్రం తగ్గనివ్వలేదు. నీళ్ళతో పని కనక మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు లేనిచోట ఆన్ చెయ్యకూడదని అందరికీ గట్టిగా చెప్పాం.

అనుకున్నదానికి దాదాపు రెట్టింపయింది. నా సోఫా గుడ్డ ఎగిరిపోయింది. మిగిలిన చిల్లరతో పెద్దక్కను మెట్రోలో తీసుకెళ్ళి, అమీర్‌పేటలో మారి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించాను. దగ్గు పూర్తిగా పోయిందని చెప్పను. రాత్రిళ్ళు నిద్రపడుతోందంటోంది.

నిన్న మా ఇంటికే వచ్చి కొత్త యంత్రంతో ఆ ముసలి సోఫాను శుభ్రం చేసింది. మూత పడిన సంచి నా చేతిలో పెట్టి, "ఇగోమ్మా, మీ దుమ్ము మీకే" అంది. చూద్దును కదా, ఎంత బరువో!