విశాఖ పెట్టె

విశాఖపట్నంలో పాత కట్టడాల సొగసు చూడాలనుకునేవాళ్లు వన్‌టౌన్‌కు వెళ్లి తలెత్తి చూస్తారు. టౌన్‌హాలు, కురుపాం మార్కెట్ కమాను, ఆ వీధుల్లో మిగిలిన పెంకుటిళ్లు అన్నీ చూడదగ్గవే. కానీ అలాంటివి ఈ తీరంలోని ఇతర రేవుల్లోనూ ఉన్నాయి. గదికి అందం తెచ్చే పనిలో ఈ ఊరు సొంతంగా సంపాదించుకున్న పేరు మాత్రం ఇక్కడి గోడల మీద దొరకదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సొరుగుల బీరువాల పక్కన పెట్టిన చీటీల మీద దొరుకుతుంది. పాత సామాను ఎరిగినవాళ్లకు ‘వైజాగపటం’ అనేది ఒక పనితనం పేరు. ముదురు కర్రలో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద పూలతీగలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపే పని అది.

ఇంగ్లీషు కంపెనీ 1682లో ఇక్కడ వర్తకశాల తెరిచింది బట్టల కోసం. హార్బరు 1933 దాకా లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల్లో అలలు దాటి వాటికి చేరేది. బట్టల బేరానికి వచ్చిన దొరలకు రాతబల్లలు, అద్దాల పెట్టెలు, కుర్చీలు కావలసి వచ్చాయి. నమూనాలు వాళ్లిచ్చారు, పని ఇక్కడి కంసాలులు, వడ్రంగులు చేశారు. 1756లో ఇటు వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి అద్దకపు బట్టల రంగులనూ, దంతపు పొదుగు పనినీ మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. మొదట్లో ఇరుగుడు లాంటి కర్రను తొలిచి, తొలిచినంత మేర దంతపు ముక్క కూర్చేవారు. ఆ శతాబ్దం రెండో సగానికి దంతాన్ని పలచని రేకులుగా కోసి, గంధపు చెక్క మీద సన్నని మేకులతో బిగించి, కర్ర కనపడకుండా మొత్తం తొడిగేయడం వచ్చింది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర అలాంటి దంతపు కుర్చీలుండేవి. ఆయన పోయాక 1781లో ఆ సామాను వేలానికి వస్తే మూడో జార్జి రాజు రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఇప్పటికీ అవి రాజవంశం సేకరణలోనే ఉన్నాయి.

ఇదంతా దొరలిచ్చిన నమూనాకు నకలే కదా, ఇందులో మనదేముంది అని అడగవచ్చు. ఆకారం వరకు ఆ మాట నిజం. రాతబల్ల పొడవూ వెడల్పూ, కుర్చీ కాళ్ల వంపూ లండన్ ఫ్యాషన్లే. అయితే కన్ను ఆకారం మీద కాక అంచు మీద పెట్టాలి. ప్రతి సొరుగు చుట్టూ, ప్రతి తలుపు చుట్టూ ఒక తీగ పాకుతుంది. ఆకు, మొగ్గ, విచ్చిన పువ్వు, మళ్లీ ఆకు. మూల వచ్చినప్పుడు ఆ తీగ తెగదు, తిరుగుతుంది. కోరమాండల్ తీరపు అద్దకపు దుప్పట్ల అంచులు చూసినవాళ్లు దీన్ని ఇట్టే పోలుస్తారు. బట్ట మీద కలంతో గీసిన తీగే ఇక్కడ ఉలి మొనకు వచ్చింది. కార్నీల్ మెచ్చుకున్న రెండు పనులూ ఒకే ఊళ్లో ఉండటం ఊరికే జరగలేదని నా ఉద్దేశం. చైనాలోని కాంటన్ రేవును పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అక్కడి దుకాణాలూ ఐరోపా బేరగాళ్ల కొలతలకే లక్క బల్లలు, దంతపు విసనకర్రలు చేశాయి. వాటిని చైనా పని కాదన్నవాడు లేడు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం ఎందుకో చాలదు.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. ఊరి జనం వాడని వస్తువు ఊరి చరిత్ర ఎలా అవుతుంది? చాపలు పరుచుకుని, పీటల మీద కూర్చునే ఇంట్లో రాతబల్లకు చోటు లేదు, ఒప్పుకోవాలి. కానీ పెట్టె సంగతి వేరు. నగల పెట్టె నుంచి భోషాణం దాకా తెలుగింట్లో దాచుకునేదంతా పెట్టెలోనే. పెద్ద బల్లలు, బీరువాలు తగ్గిపోయాక కూడా పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ విరివిగా తయారైనవి పెట్టెలే. కుట్టుపెట్టెలు, తేయాకు పెట్టెలు, ఏదుపంది ముళ్లు, దుప్పి కొమ్ము, తాబేటి చిప్ప కలిపి చేసిన చిన్న పెట్టెలు. తేలిగ్గా ఓడెక్కేవన్నది ఒక కారణం. చేతికి ముందునుంచీ అలవాటైన ఆకారం కావడం రెండోది, నాకు అదే ముఖ్యంగా తోస్తుంది.

దంతం అంటే చచ్చిన ఏనుగు, ఆ లెక్క దాచలేం. 1986లో మన దేశపు దంతం, 1991లో ఆఫ్రికా దంతం అమ్మకం చట్టం ఆపేసింది, ఆపవలసిందే. పని మాత్రం అప్పటికే పలచబడి ఉంది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడే ఇంటి ఆకారపు కుట్టుపెట్టెలు చేశారు. మూతే ఇంటి కప్పు. దాని మీద పెంకులు వరసలుగా నల్ల గీతల్లో కనపడతాయి. గోడలకు అద్దాల కిటికీలు, ముందు తలుపు, పైన పొగగొట్టం. చలికి నిప్పు రాజేసుకునే గది ఎరగని ఊళ్లో కూర్చుని, ఒక పనివాడు ఆ పొగగొట్టాన్ని దంతంతో నిలబెట్టాడు. కప్పు ఎత్తితే లోపల గంధపు చెక్క అరలు, దారపు కండెలు పెట్టుకోవడానికి.