అటు తిరిగిన బుడుగు

నేను దోహా పక్కన అల్ ఘర్రాఫాలో ఉండే ఐటీ కన్సల్టెంటుని. నాకు బొమ్మలు గీయడం రాదు, చూడ్డం మాత్రమే వచ్చు. ఈ మాటలకి కారణం మా ఏడేళ్ళ పాప.

పక్క ఫ్లాట్ ఆయన పాలస్తీనా మనిషి. ఆయన తాళాల గుత్తికి ఒక పిల్లాడి బొమ్మ వేలాడుతుంటుంది. ముళ్ళలా నిక్కిన జుట్టు, అతుకుల బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు. మా పాప లిఫ్టులో అది చూసి, "నాన్నా, అంకుల్ దగ్గర బుడుగున్నాడు! అటు తిరిగి నిలబడ్డాడెందుకు?" అంది.

ఆ పిల్లాడి పేరు హందలా. గీసినాయన నాజీ అల్ అలీ. 1948లో పదేళ్ళ వయసులో ఊరు విడిచి, లెబనాన్‌లోని శరణార్థి శిబిరంలో పెరిగాడు. అక్కడ ఆయన బొమ్మలు చూసి 1961లో అచ్చు వేయించింది రచయిత గస్సాన్ కనఫానీ. తర్వాత నాజీ పొట్టకూటికి కువైట్ వచ్చాడు, మనలాగే. హందలా 1969లో కువైట్ పత్రికలోనే పుట్టాడు. గల్ఫ్ సుఖాల్లో పడి తనని తాను మరిచిపోకుండా ఈ పిల్లాణ్ణి కాపలా పెట్టుకున్నానని నాజీ చెప్పుకునేవాడు. హందలాకి ఎప్పుడూ పదేళ్ళే, ఊరు చేరాకే పెరుగుతాడట. 1973 నుంచి మనకి వీపే చూపిస్తాడు.

నాజీ నాయకుల పోలికలు పెద్దగా గీయలేదు. కాళ్ళు లేని బొద్దు మనుషుల్ని గీసేవాడు, ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలేది. 1985లో కువైట్ వదలాల్సి వచ్చింది. 1987 జూలై 22న లండన్‌లో, పత్రికాఫీసు బయట కాల్చారు. ఆగస్టు 29న పోయాడు. ఆ హత్యకి ఎవరికీ శిక్ష పడలేదు.

మరి మన బుడుగో? 1956-57 ప్రాంతంలో ఆంధ్ర పత్రిక వీక్లీలో వచ్చాడు. మాటలు ముళ్ళపూడి వెంకటరమణవి, గీతలు బాపువి. ఒకరిది ధవళేశ్వరం, ఒకరిది నరసాపురం. ఇద్దరూ అప్పుడు మద్రాసులో ఉన్నారు, పత్రికా అక్కడే. అంటే బుడుగు కూడా ఊరికి దూరంగా కూర్చుని గీసిన పిల్లాడే. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు సుమండీ! కానీ వాడి చుట్టూ బామ్మ, బాబాయి, రాధ, గోపాళం, సీగాన పెసూనాంబ ఉన్నారు. అందుకే నోరు మూతపడదు. బాపు నాలుగు గీతలతో ఆ ఇల్లంతా గీశాడు.

మనవాళ్ళు పోలికల్లో తక్కువవాళ్ళేం కాదు. పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి 2014లో పోర్చుగల్‌లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ వచ్చింది. అయినా మా పాపకి తెలిసింది బుడుగే. తెలుగు చదవడం రాదు, గీత చదువుతుంది.

"మనమూ హందలాలమే" అని ఒక మిత్రుడన్నాడు. నేనొప్పుకోలేదు. మనం సెలవు దొరికితే టికెట్ కొని విజయవాడ వెళ్ళొస్తాం. వెళ్ళలేకపోవడం వేరు, వెళ్ళకపోవడం వేరు. ఆ తేడా చెరిపేస్తే నాజీకి అన్యాయం.

మొన్న శుక్రవారం పాప బుడుగు పుస్తకం తీసుకెళ్ళి పక్కింటాయనకి చూపించింది. ఆయన పేజీలు తిప్పి తిప్పి నవ్వాడు. తర్వాత నన్నడిగాడు, "ఈ పిల్లాడు వాళ్ళింట్లోనే ఉన్నాడా?"

ఉన్నాడన్నాను.