గిరాకీ లేని గంట ఎవరి ఖాతాలోకి? టాక్సీల నియంత్రణ, న్యాయమైన పోటీ: న్యూయార్క్ అనుభవం

టాక్సీల నియంత్రణ మీద జరిగే చర్చ చాలావరకు రెండు వాదనల మధ్యే నలుగుతూ ఉంటుంది. పర్మిట్లకు పరిమితి పెడితే పాతవాళ్ల గుత్తాధిపత్యం పాతుకుపోతుందని ఒకరంటారు. ఎత్తేస్తే రోడ్డు నిండా బండ్లే తప్ప ఎవరికీ గిట్టుబాటు కాదని ఇంకొకరంటారు. రెండు వాదనలూ బండ్ల సంఖ్య చుట్టూ తిరిగేవే. న్యూయార్క్ నగరం 80 ఏళ్లకు పైగా టాక్సీలను నియంత్రించిన తీరును దగ్గరగా పరిశీలిస్తే, సంఖ్య కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని తెలుస్తుంది. బండి రోడ్డు మీదుండి గిరాకీ దొరకని గంటకు నష్టం ఎవరిది? ఆ నష్టాన్ని ఎవరు ఎవరి మీదికి నెట్టేందుకు నిబంధనలు వీలిచ్చాయో చూడకుండా పోటీ న్యాయమైనదా కాదా అని తేల్చలేమన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1930లలోని ఆర్థిక మాంద్యంలో పనులు పోయినవాళ్లు చాలామంది న్యూయార్క్‌లో క్యాబ్ తోలడానికి దిగారు. కిరాయిలు పడిపోయాయి, రోజంతా తిరిగినా ఇల్లు గడవని స్థితి వచ్చింది. అప్పుడు, 1937లో, వచ్చిందే హాస్ చట్టం. టాక్సీ నడపాలంటే బానెట్ మీద నగరం ఇచ్చిన రేకు బిళ్ల ఉండాలి. దాన్నే మెడాలియన్ అంటారు. మొదట్లో దానికి కట్టవలసిన రుసుము 10 డాలర్లు. బిళ్లను అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు. కొన్నేళ్లకు బిళ్లల సంఖ్య 11,787 దగ్గర ఆగింది. 1996 దాకా ఒక్కటీ పెరగలేదు. నగరం మాత్రం మారిపోయింది. మెడాలియన్ ఉన్న పసుపు టాక్సీలు మన్‌హాటన్ నడిబొడ్డునూ విమానాశ్రయాలనూ దాటి హార్లెమ్‌కో బ్రాంక్స్‌కో వెళ్లడానికి ఇష్టపడేవి కావు. నల్లజాతివారి, వలసవచ్చినవారి పేటల్లో లైసెన్సు లేని బండ్లే దిక్కయ్యాయి. పరిమితి వల్ల ప్రయాణికులకు జరిగిన అన్యాయం ఇది. దీన్ని తక్కువ చేసి చెప్పకూడదు. ఆ పేటల కోసం నగరం ఆకుపచ్చ టాక్సీలను ప్రత్యేకంగా రోడ్డెక్కించింది 2013లో.

అయితే మెడాలియన్ల సంఖ్యతో పాటు 1979లో వచ్చిన ఒక మార్పునూ చూడాలి. నా దృష్టిలో కథలో అసలు మలుపు అక్కడే ఉంది. అప్పటిదాకా గ్యారేజీల్లో పనిచేసే డ్రైవర్లకు కమీషన్ పద్ధతి ఉండేది. మీటరు మీద వచ్చిన డబ్బులో ఓనరుకో వాటా, డ్రైవరుకో వాటా. గిరాకీ తగ్గితే ఇద్దరికీ తగ్గేది. కాబట్టి బండ్లు అవసరానికి మించి తిప్పకూడదన్న జాగ్రత్త ఓనరుకూ ఉండేది. 1979లో నగర టాక్సీ, లిమోసిన్ కమిషన్ అద్దె పద్ధతికి అనుమతించింది. డ్రైవరు షిఫ్టు మొదట్లోనే అద్దె కట్టి బండి తీసుకోవాలి. పెట్రోలు ఖర్చు అతనిదే. ఆ తర్వాత వచ్చింది అతనిది, రానిది కూడా అతనిదే. పన్నెండు గంటల షిఫ్టుకు అద్దె క్రమంగా వంద డాలర్లు దాటింది. మొదటి ఆరేడు గంటల సంపాదన అద్దెకూ పెట్రోలుకూ సరిపోతే, ఇంటికి తీసుకెళ్లేది మిగతా గంటల్లో వచ్చినదే. జ్వరమొచ్చినా మంచు కురిసినా ఓనరు ఆదాయం కదలదు. చట్టం దృష్టిలో డ్రైవరు ఉద్యోగి కూడా కాడు, స్వతంత్ర కాంట్రాక్టరు. బండ్ల సంఖ్య ఒక్కటీ మారకుండానే, ఒక్క నిబంధనతో నష్టభయం మొత్తం ఓనరు నుంచి డ్రైవరు మీదికి వచ్చి పడింది.

నష్టభయం లేని ఆస్తికి ధర పెరగక ఏమవుతుంది? బిళ్ల విలువ ఏటేటా పాకింది. ఈ అద్దెల బాధ తప్పాలంటే తానే ఓ బిళ్ల కొనుక్కోవడం మేలని డ్రైవర్లు అప్పులకు వెళ్లారు. వాళ్లలో బంగ్లాదేశ్, పాకిస్తాన్, భారత్, హైతీల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఇక్కడే నగరపాలక వ్యవస్థ తన హద్దు దాటింది. 2004 నుంచి 2014 వరకు కొత్త బిళ్లలను వేలం వేసి ఖజానా నింపుకుంది. వేలాలతోనూ చేతులు మారిన బిళ్లల మీద పన్నుతోనూ కలిపి 85 కోట్ల డాలర్లకు పైగా వచ్చిందని 2019లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. షేర్ మార్కెట్ కన్నా మేలైన పెట్టుబడి అన్న ధోరణిలో ప్రకటనలు ఇచ్చింది నియంత్రణ సంస్థే. 2014 నాటికి ధర 10 లక్షల డాలర్లు దాటింది. క్రెడిట్ యూనియన్లు అసలు కట్టనక్కర లేకుండా, వడ్డీ మాత్రమే కట్టించుకుంటూ అప్పులిచ్చాయి. ధర పెరిగినప్పుడల్లా అదే బిళ్ల మీద మరికొంత ఇచ్చాయి. లైసెన్సు ఎన్నింటికి ఇవ్వాలో తేల్చేదీ, దాని ధర పెరిగితే లాభపడేదీ ఒకే సంస్థ అయినప్పుడు ధర అతిగా ఉందని హెచ్చరించేవాళ్లు మిగలరు.

ఉబర్ న్యూయార్క్‌లో అడుగుపెట్టింది 2011లో. యాప్‌తో పిలిపించుకునే కార్లకు మెడాలియన్ అక్కర్లేదు, అప్పట్లో సంఖ్యకు పరిమితీ ఉండేది కాదు. 2015లో మేయర్ బిల్ డి బ్లాసియో పరిమితి పెట్టబోయి, ఉబర్ నడిపిన ప్రచారం ధాటికి వెనక్కి తగ్గారు. 2018 నాటికి యాప్ కార్లు 80 వేల ప్రాంతానికి చేరాయి. పసుపు టాక్సీలు 13,587. ఒకే రోడ్డు, అదే ప్రయాణికుడు. ఒకరికి కిరాయి, రంగు, సంఖ్య అన్నీ నగరం నిర్ణయించేది, రెండోవారికి అప్పటికి వాటిలో ఏదీ లేదు.

దీన్ని న్యాయస్థానాలు ఎలా చూశాయి? షికాగోలో ఇదే ఫిర్యాదుతో టాక్సీ ఓనర్లు కోర్టుకెక్కితే, 2016లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు తరఫున న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ వాళ్ల వాదన తోసిపుచ్చారు. టాక్సీ నడిపే లైసెన్సు ఆస్తే కావచ్చు గానీ, పోటీ రాకుండా ఉండే హక్కు అందులో లేదన్నారు. పోటీకి సంబంధించినంతవరకు ఆ తీర్పులోని తర్కాన్ని కాదనలేం. కొత్త సాంకేతికతను అడ్డుకునే హక్కు పాతవాళ్లకు ఉండకూడదు. కానీ న్యూయార్క్ విషయంలో ఆ తర్కం సగం దూరమే తీసుకెళ్తుంది. ఆ బిళ్లను లక్షలకు అమ్మింది నగరమే. అమ్మేటప్పుడు దాన్ని మంచి పెట్టుబడిగా ప్రచారం చేసింది. పోటీని అనుమతించడం తప్పు కాదు. సొమ్ము తీసుకుని, కొన్నవాళ్ల మీదికి నష్టం మొత్తం వదిలేయడం తప్పు.

2018కి బిళ్ల ధర 2 లక్షల డాలర్ల లోపుకు పడిపోయింది. అప్పులు మాత్రం తగ్గలేదు. ఐదారు లక్షల డాలర్ల బాకీ మోస్తూ రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు తోలినవాళ్లు ఎందరో. ఆ ఏడాది పలువురు డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. 2021 అక్టోబరులో భైరవి దేశాయ్ నాయకత్వంలోని న్యూయార్క్ టాక్సీ వర్కర్స్ అలయన్స్ సిటీ హాల్ ముందు నిరాహార దీక్షకు కూర్చుంది. పదిహేను రోజుల తర్వాత నగరం దిగివచ్చింది. ఒప్పందం కింద అప్పును 1,70,000 డాలర్లకు కుదించి, దానికి నగరమే హామీగా నిలిచింది. నెల కిస్తీ 1,122 డాలర్లు మించకూడదు. తాను లాభపడిన వ్యాపారంలోని నష్టంలో కొంత తనదేనని నగరం ఒప్పుకోవడమే ఆ హామీ అర్థం.

ఈ మొత్తం చరిత్రలో నియంత్రణ సవ్యంగా ఆలోచించిన ఘట్టమూ ఒకటుంది. 2018లో యాప్ కార్ల సంఖ్యకు పరిమితి పెట్టిన నగరం, 2019 ఫిబ్రవరి నుంచి డ్రైవరుకు ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు దక్కేలా కనీస చెల్లింపు సూత్రం అమలుచేసింది. జేమ్స్ పారట్, మైఖేల్ రైక్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం దీనికి ఆధారం. 2019లో ఆ సూత్రం ఇలా పనిచేసేది. మైలుకు 63.1 సెంట్లు, నిమిషానికి 28.7 సెంట్లు లెక్కగట్టేవారు. 7.5 మైళ్లు, 30 నిమిషాల ప్రయాణానికి 13.34 డాలర్లు అయ్యేది. కానీ డ్రైవరు రోడ్డు మీదున్న సమయంలో ప్రయాణికుడు బండిలో ఉన్నది 58 శాతమే. మిగతాది ఎదురుచూపు, ఖాళీ తిరుగుడు. కాబట్టి ఆ 13.34ను 0.58తో భాగించేవారు. వచ్చేది 23 డాలర్లు. తేడాగా కనబడే ఆ 9 డాలర్ల 66 సెంట్లు గిరాకీ లేని సమయానికి కూలి. కంపెనీ అవసరానికి మించి కార్లను రోడ్డు మీదికి వదిలితే భాగించే అంకె తగ్గుతుంది, చెల్లించవలసింది పెరుగుతుంది. 1979లో డ్రైవరు మీదికి నెట్టిన భారాన్ని నలభై ఏళ్ల తర్వాత ఒక భాగహారం వెనక్కి తెచ్చింది.

అది నిజంగా భారమేనని కంపెనీల ప్రతిస్పందనే రుజువు చేసింది. గిరాకీ తక్కువ ఉన్న వేళల్లో డ్రైవర్లను లాగిన్ కానివ్వకుండా యాప్ మూసేశాయి. 2019లోనూ 2024లోనూ ఇదే జరిగింది. లాగిన్ కాని గంట లెక్కలోకి రాదు కాబట్టి ఖాళీ సమయం మళ్లీ డ్రైవరుకే మిగిలింది. సూత్రం ఎంత మంచిదైనా కాపలా అవసరమే. సియాటిల్ మరో దారి ప్రయత్నించింది. డ్రైవర్లు కూడబలుక్కుని కంపెనీతో బేరమాడుకోవచ్చని 2015లో శాసనం చేసింది. స్వతంత్ర కాంట్రాక్టర్లు కలిసి ధర నిర్ణయించుకుంటే పోటీ చట్టం పరిధిలోకి వస్తుందనీ, ఆ శాసనానికి మినహాయింపు వర్తించదనీ 2018లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు తేల్చింది.

మన కోర్టుల ముందుకూ దీనికి దగ్గరి ప్రశ్న వచ్చింది. వేలమంది డ్రైవర్లకు ఒకే అల్గారిథమ్ కిరాయి నిర్ణయించడం కుమ్మక్కు కాదా అన్న ఫిర్యాదును కాంపిటీషన్ కమిషన్ 2018లో కొట్టేసింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. డ్రైవర్ల మధ్య ఒప్పందమేదీ లేదన్నది కారణం. రెండు దేశాల చట్టాలు వేరు, అడిగిన ప్రశ్నలూ వేరు. కానీ పక్కపక్కన పెట్టి చదివితే, యంత్రం ఒక్కటే ధర చెప్తే అభ్యంతరం లేదు, డ్రైవర్లు కలిసి ధర అడిగితే అభ్యంతరం ఉంది అన్న ఫలితం తేలుతోంది. దీన్ని న్యాయమైన పోటీ అనడానికి నాకు మనసొప్పదు. అడ్డగోలు తగ్గింపుల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా మాట్లాడింది. ఉబర్ మీద మేరు క్యాబ్స్ ఇచ్చిన ఫిర్యాదులో, ట్రిప్పుకు 204 రూపాయల నష్టానికి నడపడంలో పోటీని తొలగించే ఉద్దేశం తప్ప ఆర్థిక అర్థం కనిపించదని చెప్పి దర్యాప్తుకు దారి ఇచ్చింది. 2021లో కమిషన్ ఆ కేసును మూసేసింది.

మన దగ్గర టాక్సీలు నగరపాలక సంస్థ చేతిలో లేవు. జీహెచ్ఎంసీ పార్కింగ్ స్థలం చూపగలదు గానీ పర్మిట్, కిరాయి రాష్ట్ర రవాణా శాఖవి. మోటారు వాహనాల చట్టంలోని 67వ సెక్షన్ కిరాయిల మీద, 2019 సవరణ తర్వాత 93వ సెక్షన్ యాప్ కంపెనీల లైసెన్సు మీద రాష్ట్రానికి అధికారమిస్తాయి. 2025 జులైలో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళ మూల చార్జీకి రెట్టింపు దాకా, మిగతా వేళల్లో సగం దాకా తగ్గించి వసూలు చేయొచ్చు. సొంత బండి ఉన్న డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలి. ఖాళీ ప్రయాణానికి పరిహారంగా మూల చార్జీ 3 కిలోమీటర్లకు తగ్గకుండా ఉండాలి. ఖాళీగా తిరిగిన దూరాన్ని ఈ నిబంధన గుర్తించింది, ఖాళీగా కూర్చున్న సమయాన్ని గుర్తించలేదు. గిరాకీని మార్చిన ప్రభుత్వమే నష్టంలో కొంత భరించిన ఉదాహరణ మనకూ ఉంది. 2025 ఆగస్టులో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్, అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున ఇచ్చింది.

ఇంతలో వ్యాపార నమూనాయే మారిపోయింది. కమీషన్ బదులు డ్రైవరు దగ్గర రోజువారీ రుసుము తీసుకుని, కిరాయి మొత్తం అతనికే వదిలేసే పద్ధతిని బెంగళూరులో నమ్మ యాత్రి అనే యాప్ ప్రాచుర్యంలోకి తెచ్చింది. 2025లో ఆటోల విషయంలో ఉబర్, తర్వాత ఓలా ఆ బాట పట్టాయి. కమీషన్ కోతతో విసిగిన డ్రైవర్లు దీన్ని స్వాగతించారు. వాళ్ల సంతోషం సహేతుకమే. రుసుము కూడా రోజుకు కొద్ది రూపాయలే, న్యూయార్క్ అద్దెతో మొత్తంలో పోలిక లేదు. కానీ ఏర్పాటు మాత్రం 1979 నాటిదే. డబ్బు ముందే అందాక, ఎంతమందిని చేర్చుకున్నా, వాళ్లలో ఎంతమంది ఖాళీగా కూర్చున్నా కంపెనీకి పోయేదేమీ లేదు. కిరాయిలో నూరు శాతం డ్రైవరుకే వెళ్తున్నప్పుడు 80 శాతం నిబంధన కాపాడగలిగేదీ ఏమీ లేదు. రుసుము రేపు పెరిగితే ఆపే పరిమితి ఆ వాటా నిబంధనలో దొరకదు. అందుకే లైసెన్సు ఇచ్చేటప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు ప్రతి కంపెనీ నుంచి రెండు లెక్కలు తప్పనిసరిగా రాబట్టాలి. డ్రైవరు లాగిన్‌లో ఉన్న గంటలెన్ని, అందులో ప్రయాణికుడు బండిలో ఉన్న గంటలెన్ని? రోజువారీ రుసుముకు గరిష్ఠ పరిమితిని ఆ రెండింటి నిష్పత్తికి ముడిపెట్టాలి. ఈ వివరాలు కంపెనీల సర్వర్లలో ఏ రోజుకారోజు నమోదవుతూనే ఉన్నాయి. అడిగే అధికారం 93వ సెక్షన్ కింద రాష్ట్రానికి ఉంది.