ఉల్టా తిరిగే ఫ్యాను

"అన్నా, ఫ్యాన్ మస్తు తిరుగుతుంది గానీ గాలొస్తలేదు." బడంగ్‌పేటలో నా వైండింగ్ షాపు మెట్లెక్కి ఎవరైనా ఈ మాటంటే, ఫ్యాను దించకముందే రోగం తెలిసిపోతుంది. ఎక్కడో కాయిల్ కట్టించుకుని, వైర్లు తారుమారై వచ్చిన ఫ్యాను అది. ఉల్టా తిరుగుతుంటుంది.

ఫ్యాను మోటారు మిగతా మోటార్లలాంటిది కాదు. నడుమ స్టేటర్ కదలదు, బయటి డొక్కే తిరుగుతుంది. స్టేటర్ మీద రెండు వరసల కాయిళ్లు, ఒకటి రన్నింగ్, ఇంకోటి స్టార్టింగ్. రెండు కొసల మధ్య 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్. సప్లయి రన్నింగ్ కొసకు పోవాల్సింది స్టార్టింగ్ కొసకు పోయిందా, దిక్కు మారిపోతుంది. రెక్కకు ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి వాలి ఉంటుంది. పై అంచు ముందు నడిస్తే గాలి మన మీదికి, కింది అంచు ముందు నడిస్తే కప్పు మీదికి. కింద నిలబడి చూస్తే మన ఫ్యాన్లు గడియారం ముల్లుకు ఎదురు తిరగాలి. రెండు వైర్లు మార్చి కడితే రోగం కుదురుతుంది.

అమెరికాలో ఈ రోగానికి స్విచ్చే పెట్టి అమ్ముతారు. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉండి వచ్చిన మా కాలనీ పెద్దాయన ఒకరు అడిగారు: "చలికాలం ఒక తీరు, ఎండాకాలం ఇంకో తీరు తిప్పుతరు గదా వాళ్లు. మనకెందుకు పెట్టలే?" కూర్చోండి సార్ అని చాయ్ తెప్పించాను. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు.

కరెంటు రాకముందు దొరల బంగళాల్లో, కచేరీల్లో కప్పుకు గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి వచ్చేది. అక్కడ ఒక మనిషి కూర్చుని లాగుతుండేవాడు, నిద్ర ఆగకపోతే తాడు కాలి బొటనవేలికి కట్టుకుని కునికేవాడు. ద్వారాలకు వట్టివేళ్ల తడకలు, వాటి మీద నీళ్లు చల్లడానికి ఇంకో మనిషి. ఎండలు ముదిరితే పంకా కట్టేవారు, చలి మొదలైతే విప్పేవారు. దాంతో పాటే లాగేవాడి కూలీ కూడా విప్పేసినట్టే. ఆ చల్లదనం లెక్కలో వాడి చెమట ఎవరూ రాయలేదు.

1880ల్లో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన కప్పుకు కరెంటు ఫ్యాను బిగించాడు. ఆయన పనిచేసింది సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో, వాడింది మిషన్ మోటారే. మన ఇళ్లలోనూ ఉషా పేరు మీదనే మిషనూ ఫ్యానూ ఉండటం నాకు భలే అనిపిస్తుంది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషన్ 1920లో వచ్చింది. కానీ మా వైపు పొలాలకు కరెంటు అందింది చాలా తర్వాత. అందినా ముందు బోరు మోటారుకు, బల్బుకు. ఫ్యాను అంటే కట్నంలో వచ్చే వస్తువు.

అప్పట్లో రెగ్యులేటరంటే అరచేతి మందాన నల్ల డబ్బా. లోపల రెసిస్టెన్స్ తీగ చుట్ట. ఒకటి మీద పెట్టినా మీటరు పెద్దగా తగ్గేది కాదు, మిగిలిన కరెంటు డబ్బాను వేడి చేసేది. జనానికి అదేం పట్టేది కాదు. వాళ్లకు ఆ గుండీయే పంచాంగం. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతే రెండు, ఉగాదికి మూడు, రోళ్లు పగిలే రోహిణి కార్తెకు అయిదు, మృగశిరకు మళ్లీ కిందికి. 1966 జూన్ 2న హైదరాబాద్ నగరంలో 45.5 డిగ్రీలు నమోదైంది, అంటే రోహిణి కార్తెలోనే. అట్లాంటి రోజు స్లాబు కింద అయిదు మీద పెట్టినా వచ్చేది సెగే. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అంతే. అందుకే మా వాళ్లు మంచాలు దాబా మీదికి ఎక్కించేవారు.

అమెరికా కథ వేరు. అక్కడ ఏసీలొచ్చాక సీలింగ్ ఫ్యాను మూలన పడింది, 1973లో చమురు ధరలు మండాక మళ్లీ నెత్తికెక్కింది. చలికాలం వాళ్ల ఇల్లంతా హీటరు వేడి. వేడిగాలి పైకి పోయి కప్పు కింద పేరుకుంటుంది. ఫ్యాను మెల్లగా ఉల్టా తిప్పితే గాలి పైకి పోయి, ఆ వేడిని గోడల వెంట కిందికి దించుతుంది, మనిషికి నేరుగా తగలదు. హీటరు బిల్లు కొంత తగ్గుతుంది. మనింట్లో హీటరేదీ సార్? రేకుల ఇంట్లో అయితే రాత్రి అన్నిటికన్నా ముందు చల్లబడేది రేకే. పైకి ఊది చలిని తెచ్చుకోవాలా? మనకు డిసెంబరులో కావాల్సింది ఆఫ్ బటన్. దోమలుంటే ఒకటి మీద పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం.

పెద్దాయన ఒప్పుకోలేదు. ఏసీ వేసిన గదిలోనన్నా పనికొస్తుంది కదా అన్నారు. ఏసీ గదిలో కూడా గాలి ఒంటికి తగిలితేనే సుఖం అన్నాను. చాయ్ తాగి వెళ్లారు.

ఇప్పుడా స్విచ్చు మన దగ్గరికీ వచ్చింది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక, లోపల ఎలక్ట్రానిక్ కార్డుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ల జోరు పెరిగింది. పాతది 75 వాట్లు తాగితే ఇది 30 దగ్గర ఆగుతుంది, దాన్ని మెచ్చుకోవాల్సిందే. కొన్నింటికి రిమోట్ మీద రివర్స్ గుండీ ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ అది నొక్కుతారు, మర్నాడు తల్లి షాపుకొస్తుంది, గాలొస్తలేదని. ఫ్యాను దించొద్దు చెల్లెమ్మా, రిమోట్ తేపో అంటాను. గుండీ నొక్కడానికి డబ్బులేం తీసుకుంటాం. లోపల కార్డు కాలితే మాత్రం నా కాయిల్ మిషను పనికిరాదు, ట్రూప్ బజార్ పోయి అదే మోడల్ కార్డు వెతకాలి.