తీర్పు ముందా, జెండా ముందా

1967 ఏప్రిల్‌లో కోకా సుబ్బారావు చేసిన పని అంతకుముందు ఏ భారత ప్రధాన న్యాయమూర్తీ చేయలేదు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన, అత్యున్నత పీఠానికి రాజీనామా ఇచ్చి నేరుగా ప్రతిపక్షాల రాష్ట్రపతి అభ్యర్థిగా దిగారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. ఓటమి కన్నా ఎక్కువ కాలం నిలిచింది అనుమానం. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించజాలదని ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు నిలిచిన గోలక్‌నాథ్ తీర్పును ఆయన ధర్మాసనం ఇచ్చి అప్పటికి ఆరు వారాలే. పోటీ ఆలోచన తీర్పు నాటికే ఉందా అని జనం అడిగారు. తీర్పులో తర్కం ఎంత గట్టిదైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

బహారుల్ ఇస్లాంది ఎదురు దారి. కాంగ్రెస్ రాజ్యసభ సభ్యత్వం వదిలి 1972లో గౌహతి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1983లో సుప్రీంకోర్టును వదిలి మళ్లీ ఆ పార్టీలోకే వెళ్లారు.

అయితే పార్టీ జెండా లేకుండానే నమ్మకం సడలుతుందనడానికి తెలుగువాళ్లూ స్థిరపడ్డ, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న భిలాయి సాక్ష్యం. కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28న అక్కడే నిద్రలో కాల్చి చంపారు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురిని దోషులంది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చినవాడికి మాత్రమే యావజ్జీవం వేసింది. పద్నాలుగేళ్లు, మూడు కోర్టులు, మూడు రకాల ముగింపులు. ఇక్కడ కార్మికుల అనుమానం ఏ పార్టీ మీదా కాదు, డబ్బు మీద.

అదే ఛత్తీస్‌గఢ్ నుంచే మరో కేసు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా మార్చి తుపాకులివ్వడం చెల్లదని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తేల్చారు. మూడు రోజులకే రెడ్డి పదవీ విరమణ చేశారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2025లో ప్రతిపక్షాలు ఆయనను ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టగానే, ఆ తీర్పు నక్సలిజానికి ఊతమిచ్చిందని కేంద్ర హోంమంత్రి అమిత్ షా విమర్శించారు. సుబ్బారావు విషయంలో ఆరు వారాల దూరం అనుమానానికి తావిచ్చిందంటే ఒప్పుకోవచ్చు. ఇన్నేళ్ల దూరం కూడా చాలదంటే ఇక ఏ తీర్పు మిగులుతుంది?

హోంమంత్రి మాటలను తప్పుబడుతూ మాజీ న్యాయమూర్తులు కొందరు ప్రకటన ఇచ్చారు. దాన్ని ఖండిస్తూ మరికొందరు మరో ప్రకటన ఇచ్చారు. ఈ రెండో జట్టులో విరమణ తర్వాత కేరళ గవర్నరైన సదాశివం, రాజ్యసభకు వెళ్లిన రంజన్ గొగోయ్ ఉన్నారు.