పార్కును కాపాడేది ఎవరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో మన వయసువారికి పొద్దున నాలుగడుగులు నడవడానికి, సాయంత్రం నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడానికి పార్కు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఆ చెట్లు వాటంతట అవి పెరగలేదు, ఆ స్థలం దానంతట అది మిగలలేదు. అందుకు సంబంధించిన చరిత్ర కొంత మనవి చేస్తాను.

మనది వాన తక్కువ సీమ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కనుక ఇక్కడ పచ్చదనం అంటే ముందు నీటి మాటే. క్రీ.శ. 1388లో రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో కొలువుతీరి, జలసూత్ర విద్యలో దిట్ట అయిన సింగయభట్టును పిలిపించి, పెన్నానది నీటిని పెనుకొండకు తేవలసినదిగా ఆజ్ఞాపించాడు. సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ తవ్వించి, దానికి రాకుమారుని పేరు పెట్టి, ఆ సంగతి శాసనంగా చెక్కించాడు. ప్రజల సుఖం కోసమే ఈ పని చేయించినట్లు ఆ శాసనం చెబుతున్నది.

రాజుల కాలం పోయి చట్టాల కాలం వచ్చింది. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణకు పొరుగున ఉన్న కర్ణాటకలో 1985లో ప్రత్యేక చట్టం చేశారు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో పార్కులను, తోటలను చేర్చింది.

అయితే కాగితం మీద చట్టం ఉంటే చాలునా? చాలదని మన పొరుగున ఉన్న బెంగుళూరులో జరిగిన వ్యవహారం తెలియజేస్తున్నది. అక్కడ రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని ప్లానులో చూపిన స్థలాన్ని 1976లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఆసుపత్రి కట్టుకొనేందుకు ఒక వైద్య ట్రస్టుకు ఇచ్చారు. ఆ పేటవాసులు హైకోర్టుకు వెళ్లారు. మొదట ఏకసభ్య న్యాయమూర్తి వద్ద ఓడిపోయినా, అప్పీలులో డివిజన్ బెంచి ముందు గెలిచారు. ట్రస్టువారు సుప్రీంకోర్టుకు పోయారు. 1991 జూలై 19న సుప్రీంకోర్టు పేటవాసుల పక్షమే తీర్పు చెప్పింది. ప్రజల పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి మార్చడం చెల్లదనీ, దాన్ని ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవారికి ఉన్నదనీ తేల్చింది. ఆసుపత్రి మంచిదే గదా అని పేటవారు ఊరుకొని ఉంటే ఆ పార్కు స్థలం దక్కేది కాదు.

మిత్రులారా! అడిగేవారు లేని ఫైలు కదలదని మనకు తెలియనిది కాదు. మనుషులు తిరగని పార్కులో ముందు చెత్త పడుతుంది, తరువాత గుడిసో గోడో లేస్తుంది. అందుచేత రోజూ పార్కుకు వెళ్దాం. మన పేట లేఅవుట్ ప్లానులో పార్కుకు ఎంత స్థలం చూపారో అడిగి తెలుసుకుందాం. కొళాయి చెడినా, కంచె తెగినా నోటిమాటతో సరిపెట్టక అర్జీ రాసి, అందినట్లు రసీదు తీసుకుందాం. వేప, కానుగ మన నేలకు తగిన చెట్లు. నాటిన మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే ఆ తరువాత అవే తట్టుకుంటాయి.

నాటి సింగయభట్టు నది నీటిని తేవడానికి కాలువే తవ్వించాడు. మనం ఒక మొక్కకు రెండు బిందెల నీళ్లు పోయలేమా? ఆ నీడలో మనం కూర్చోకపోయినా మన మనవలు కూర్చుంటారు.